మగ్గం దిగి చెరువు దాకా



షోలాపూర్ పట్టణానికి తూర్పున ఉన్న పేటల్లో, అంటే సాఖర్ పేట, దాజీ పేట, భవానీ పేట, అక్కడి నుంచి అక్కల్‌కోట రోడ్డు దాకా, పొద్దు పొడిచిందో లేదో సాంచాల చప్పుడు మొదలవుతుంది. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు చాలావరకు మరాఠీ, చేతిలో పని నూలు. చాదరు, టవలు నేసే ఈ పేటల మనిషి రోజుకు ఎన్ని గజాల గుడ్డ దిగిందో చెప్పగలడు. తన ఇంటి నల్లాలో నీరు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే మాత్రం కాస్త ఆలోచిస్తాడు. తప్పు అతనిది కాదు. సాంచా ముందు నిలబడినవాడికి చెరువు గట్టు దాకా వెళ్లే తీరిక ఎక్కడిది?

ఆ తీరిక దొరికిన రోజున నలుగురూ కలిసి చేయదగిన ఒక నడక గురించి ఈ పూట చెప్పుకుందాం. ఊరి నడుమ ఉన్న చెరువు నుంచి ఊరి బయటి పెద్ద చెరువుకు, అక్కడి నుంచి ఓపిక ఉన్నవారికి కొండ అంచున ఉబికే బుగ్గల దాకా. కాళ్లకు పని చెప్పడం ఒక్కటే దీని ప్రయోజనం కాదు. దారి పొడవునా మనకు ఎదురయ్యే నీరు మన వృత్తికీ, మన ఒంటికీ సంబంధించినది.

ముందు రాతి సంగతి చెప్పాలి. షోలాపూర్ పద్మశాలీల్లో చాలామంది తాతముత్తాతలు కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చినవారు. 1860లో షోలాపూర్‌కు రైలు వచ్చింది. 1876లో మొదలైన కరువు రెండేళ్లపాటు దక్కనును పీల్చి పిప్పి చేసింది. ఆ కరువు నడుమనే, 1877లో, ఊళ్లో మొదటి బట్టల మిల్లు నడవడం మొదలైంది. అటు తిండి లేదు, ఇటు పని ఉంది. మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు. ఒకేసారి వచ్చినవారు కారు. ముందు అన్న వచ్చి, తరువాత తమ్ముణ్ణి పిలిపించి, ఆ తరువాత బావమరిదిని రప్పించి, ఇలా కొన్ని తరాలపాటు వస్తూనే ఉన్నారు.

వాళ్లు వదిలి వచ్చిన నేల గ్రానైటు రాతి నేల. గుండ్రటి బండలు, బండల నడుమ చెరువులు, ఎర్రమట్టి. వచ్చి చేరిన నేల నల్లరేగడి. దాని కింద ఉన్నది బసాల్ట్ అనే నల్లరాయి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట భూమి పగుళ్ల నుంచి కరిగిన రాయి పొంగి, పొర మీద పొరగా పరుచుకుని గట్టిపడింది. ముంబయి కనుమల నుంచి బీదర్, జహీరాబాద్, వికారాబాద్ దాకా ఈ నల్లరాతి దుప్పటి కప్పుకుని ఉంది. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనలో కొందరి ఊరి ఒక కొస గ్రానైటు మీదా, మరో కొస నల్లరాయి మీదా ఉంటుందంటే వింత కాదు.

రాయి మారితే నీరు మారుతుంది. గ్రానైటు నేలలో కొన్నిచోట్ల నీటిలో ఫ్లోరైడు కరుగుతుంది. నల్లగొండ వాళ్లకు దీని గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. పళ్లు పసుపెక్కడం, నడుములు వంగిపోవడం ఆ జిల్లా పల్లెలు తరాలుగా అనుభవించాయి. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడిపోయింది. నల్లరాతి నేలలో ముఖ్యంగా కరిగేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఇవి నీటిని గరుకు చేస్తాయి. షోలాపూర్ బోరు నీళ్లతో తలంటుకుంటే జుట్టు చిక్కులు పడుతుందని ఆడవాళ్లు అంటారే, ఆ సంగతి ఇదే. మనవాళ్లు దీన్ని ఉప్పునీరు, సవుడు నీరు అని పిలుస్తారు. శాస్త్రం దీన్ని కఠిన జలం అంటుంది.

నేతపనికి దీనితో ఏం సంబంధం అంటారా? నేతకంటే ముందు అద్దకం ఉంది కదా. నూలుకు రంగు పట్టించే తొట్టిలో కఠిన జలం పోస్తే కాల్షియం, మెగ్నీషియం సబ్బునూ రంగునూ పట్టుకుని చిన్నచిన్న తునకలుగా విరగ్గొడతాయి. నూలు మీద రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా దిగుతుంది. ఉతికిన తరువాత చాదరు మాసినట్టు కనిపిస్తుంది. బాయిలరు లోపల సున్నపు పెచ్చు కట్టి, వేడి నీటికి అందక ఇంధనం వృథా అవుతుంది. అందుకే రంగు కార్ఖానాల్లో నీటిని మెత్తబరిచే ఏర్పాటు ఉంటుంది. దానికి ఖర్చవుతుంది. షోలాపురి చాదరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, టవలుకూ వచ్చింది. ఆ పేరు వెనుక నూలూ చేయీ ఎంత ఉన్నాయో, నీరూ అంతే ఉంది. దాన్ని ఎవరూ లేబులు మీద అచ్చు వేయరు.

ఇప్పుడు నడక మొదలుపెడదాం. మొదటి మజిలీ ఊరి నడుమ సిద్ధేశ్వర చెరువు. నేత పేటల నుంచి తీరిగ్గా నడిచినా పొద్దు ఎక్కకముందే చేరవచ్చు. ఒక పక్క కోట గోడ, నీటి నడుమ గుడి. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుని కాలంలో జీవించిన సిద్ధరామేశ్వరుడు ఈ చెరువును తవ్వించాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన వచనాలు కన్నడ సాహిత్యంలో భాగం. తవ్వడమే శివపూజ అనుకున్న మనిషి. కరువు నేల మీద ఇంతకంటే గొప్ప భక్తి ఏముంటుందో నాకు తోచదు.

నలుగురూ కలిసి నడవడం ఈ ఊరికి కొత్త కాదు. సంక్రాంతి వేళ జరిగే గడ్డా యాత్రలో ఏడు నందిధ్వజాలు లేస్తాయి. ఒక రోజున ఊరి చుట్టూ ఉన్న అరవై ఎనిమిది లింగాలకు తైలాభిషేకం చేస్తూ ఊరేగింపు సాగుతుంది. ఆ మర్నాడు అక్షతల వేడుక. ఒక కుమ్మరి కన్య సిద్ధరాముణ్ణి వరించిందనీ, ఆయన యోగదండంతో ఆమెకు పెళ్లి జరిగిందనీ కథ. తెల్లటి బట్టలు కట్టుకున్న వేలమంది, ఎత్తయిన ధ్వజాలను నడుముకు ఆనించి మోసే యువకులు, ఆ వెనుక కన్నడ, మరాఠీ, తెలుగు, ఉర్దూ మాట్లాడే జనం. ఈ ప్రదక్షిణ దారిని ఒకసారి మామూలు రోజున, జనం లేనప్పుడు, నెమ్మదిగా నడిచి చూడండి. పాత ఊరి హద్దు ఎక్కడుండేదో కాళ్లకు తెలుస్తుంది.

సిద్ధేశ్వర చెరువు గట్టున నిలబడ్డప్పుడు నీటి రంగు చూడాలి. నీరు చిక్కటి పచ్చగా ఉంటే అందంగా ఉందని మురిసిపోవద్దు. ఊరి మురుగూ, పూజా సామగ్రీ, పిండీ, నూనే చేరిన నీటిలో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఆ నాచు నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది. రాత్రి అదే నాచు ప్రాణవాయువును వాడుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో అది అడుగంటుతుంది. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది ఆ వేళనే. దైవకోపమనో, ఎవరో విషం కలిపారనో వెంటనే అనుకోనక్కర్లేదు. మనం భక్తితో వేసిన పిండే చాలాసార్లు కారణం అవుతుంది.

విజాపూర్ రోడ్డు వైపు కంబర్ తలావ్ ఉంది. ధర్మవీర్ సంభాజీ మహారాజ్ తలావ్ అని ఇప్పటి పేరు. దాని దగ్గర్లోనే అటవీశాఖ వారి సిద్ధేశ్వర వనవిహారం ఉంది. పిల్లలను తీసుకుని సాయంత్రం పూట వెళ్లడానికి అది బాగుంటుంది. నడక అలవాటు లేనివారు అక్కడ మొదలుపెట్టడం మంచిది.

అసలు నడక హిప్పర్గా చెరువుది. తుల్జాపూర్ రోడ్డున ఊరికి ఈశాన్యంగా అయిదారు మైళ్ల దూరంలో ఉంది. కాగితాల మీద దీని పేరు ఏక్రుక్ చెరువు. అదిలా అనే చిన్న వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి 1871లో పూర్తి చేశారు. కట్ట పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఎత్తు ఇరవై మీటర్ల పైనే. ఆ రోజుల్లో బొంబాయి రాజధానిలో ఇంత పెద్ద చెరువు మరొకటి లేదు. పారలతో తవ్వి, తట్టలతో మోసి పోసిన మట్టి అది. కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో ఒకసారి లెక్క వేసుకోండి, ఎన్ని తట్టలు అయివుంటాయో.

తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. చెరువు పూర్తయింది 1871లో. కరువు వచ్చింది 1876లో. మిల్లు నడిచింది 1877లో. మన పెద్దలు ఈ ఊరికి వచ్చి నిలదొక్కుకున్నారంటే పని ఉన్నందువల్లనే అని చెప్పుకుంటాం. పని ఒక్కటే మనిషిని నిలబెట్టదు, తాగడానికి నీరుండాలి. పంతొమ్మిదో శతాబ్దం ముగియకముందే ఈ చెరువు నీరు ఊరికి చేరింది. 1980లో భీమా నది మీద ఉజ్జని ఆనకట్ట పూర్తయ్యాక దూరం నుంచి పైపుల్లో వచ్చే నీటి మీద ఊరు ఎక్కువగా ఆధారపడింది. హిప్పర్గా మాత్రం ఊరికి ఇప్పటికీ ఒక వనరుగానే ఉంది. ఇన్ని ఉన్నా నల్లాలో రోజూ నీరు చూసే భాగ్యం ఈ పేటలకు ఏళ్ల తరబడి లేకపోయింది. నీళ్లొచ్చే రోజున సాంచా ఆపి బిందెలు పట్టుకున్న ఇళ్లు ఎన్నో. ఒక పూట సాంచా ఆగితే ఎంత కూలి పోతుందో నేను చెప్పాలా?

షోలాపూర్ వాన లెక్క సగటున ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ ఒక ఏడు కురిసి, ఒక ఏడు ముఖం చాటేస్తుంది. చెరువులోకి వాగుతో పాటు నల్లరేగడి మట్టీ కొట్టుకొస్తుంది. నూటయాభై ఏళ్లుగా చేరుతున్న ఒండ్రు అడుగున పేరుకుంటే, గట్టు అంతే ఉన్నా కడుపు తగ్గుతుంది. ఎండాకాలం నీరు వెనక్కు పోయినప్పుడు ఒడ్డున పగుళ్లు తీసిన మట్టిని చేత్తో నలిపి చూడండి. ఇది పొలానికి బంగారం, చెరువుకు భారం. రైతులు దీన్ని ఎత్తి పొలాలకు తోలుకుంటే ఇద్దరికీ లాభం. మన తెలంగాణ పల్లెల్లో వేసవిలో చెరువు మట్టి తోలుకోవడం పాత అలవాటే.

నడకకు మంచి కాలం వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి మాఘం దాకా. అప్పుడు హిప్పర్గాకు దూరదేశాల పక్షులు దిగుతాయి. తల మీద రెండు నల్ల పట్టీలున్న బూడిద రంగు బాతు ఒకటి ఉంది, హిమాలయాల మీదుగా ఎగిరి వస్తుంది. బతుకుతెరువు కోసం ఇంత దూరం వచ్చిన మరో జాతిని చూసి మనవాళ్లు ముచ్చటపడితే ఆశ్చర్యం లేదు. కాకపోతే పక్షుల దగ్గర కేకలు వేయకండి. పొద్దున సాంచాల రొదలో అరిచి మాట్లాడటం అలవాటైన గొంతు, చెరువు దగ్గర కూడా తగ్గదు. నిజానికి ఇదొక ఆరోగ్య సమస్య. సాంచాల షెడ్డులో శబ్దం చాలాసార్లు తొంభై డెసిబెల్స్ దాటుతుంది. ఏళ్ల తరబడి అందులో ఉంటే వినికిడి మెల్లగా పోతుంది. పక్కనున్నవాడు సన్నగా కూసే పక్షి కూత విన్నాడు, మీకు వినపడలేదు అంటే, చెవుల డాక్టరుకు చూపించుకోవలసిన వేళ అయిందన్నమాట.

దూది ధూళి సంగతీ ఇంతే. సెలవు తరువాత పనికి వెళ్లిన మొదటి రోజునే ఛాతీ పట్టేసినట్టు, దగ్గు వచ్చినట్టు ఉంటే అది నూలు మిల్లుల్లో ప్రపంచమంతటా తెలిసిన జబ్బుకు గుర్తు కావచ్చు. చెరువు గాలి దాన్ని నయం చేయదు. నడకలో మీరు ఎంత దూరానికి ఆయాసపడుతున్నారో గమనించుకోవడం మాత్రం ఉపయోగపడుతుంది. ఈ ఏడు కట్ట చివర దాకా ఆగకుండా నడిచినవాడు వచ్చే ఏడు సగంలో కూర్చుంటే, వయసు అని సరిపెట్టుకోకూడదు.

హిప్పర్గా దాటి అదే రోడ్డున ముందుకు వెళితే తుల్జాపూర్. షోలాపూర్ నుంచి నలభై అయిదు కిలోమీటర్లు. ఆశ్వయుజ పౌర్ణమికి, మరాఠీవారు కోజాగిరి అనే రోజుకు, తుల్జాభవాని దర్శనం కోసం లక్షల మంది ఈ దారిన రాత్రంతా కాలినడకన వెళతారు. ఆ రోజుల్లో వాహనాలను వేరే దారికి మళ్లిస్తారు. దారి పొడవునా ఉచితంగా టీ, అటుకులు, పాలు పంచుతారు. 1948కి ముందు ఈ దారిలో కొంత దూరం పోగానే ఇంగ్లీషువారి సీమ దాటి నిజాం రాజ్యంలో అడుగు పెట్టేవారు. తుల్జాపూర్ ఉన్న ధారాశివ్ జిల్లా, 2023 దాకా ఉస్మానాబాద్, 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది.

ఈ రాత్రి నడకలో నాకు నచ్చేది ఒకటుంది. ఆడవాళ్లు పెద్దసంఖ్యలో నడుస్తారు. ఈ పేటల్లో మగవాడు సాంచా నడుపుతుంటే, ఆడది ఇంట్లో చాటలో ఆకూ పొగాకూ పెట్టుకుని బీడీలు చుడుతుంది. కూర్చున్న చోటి నుంచి లేవకుండా పొద్దంతా గడుస్తుంది. మెడ, నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. వ్యాయామం అవసరం ఎవరికి ఎక్కువ? నడక బృందం అనగానే మగవాళ్లు నలుగురు చెప్పులేసుకుని బయలుదేరడం, ఆడవాళ్లు డబ్బాలు కట్టి పంపడం జరుగుతుంది. దేవి పేరు చెబితే తప్ప ఆమెకు ఆ దారి తెరుచుకోకపోవడం సరికాదు. హిప్పర్గా నడకకు అక్కనూ, వదిననూ, అత్తనూ తీసుకెళ్లండి. ఆ పూట వంట ఎవరు చేస్తారనే ప్రశ్న వస్తుంది. కడక్ జొన్నరొట్టె, పల్లీల చట్నీ, ఒక ఉల్లిగడ్డ. షోలాపూర్‌లో ఈ మూడూ రెండు రోజుల ముందే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు కదా!

తుల్జాపూర్ గుడిలో మెట్లు దిగగానే కల్లోల తీర్థం, దగ్గరలోనే గోముఖ తీర్థం ఉన్నాయి. రాతి ఆవు నోటి నుంచి నీరు ధారగా పడుతుంది. ఇంత ఎత్తున నీరు ఎక్కడిదని యాత్రికులు అడుగుతారు. తుల్జాపూర్ బాలాఘాట్ కొండల అంచున ఉంది. నల్లరాయి పొరలు పొరలుగా ఉందని చెప్పాను కదా. ఒక పొర గుల్లగా, పగుళ్లతో ఉంటే దాని కింద పొర గట్టిగా ఉంటుంది. రెంటి మధ్య కొన్నిచోట్ల ఎర్రటి బంకమట్టి పలక ఉంటుంది. పీఠభూమి మీద కురిసిన వాన గుల్ల పొరలోంచి దిగి, కింది పొర దగ్గర ఆగి, పక్కకు పాకి, కొండ అంచు తెగిన చోట బయటికి వస్తుంది. ఇలాంటి నేలలో బుగ్గ పుట్టే తీరు ఇది. దుప్పటి మీద దుప్పటి పరిచి, పై దానిని తడిపి వాల్చి పట్టుకుంటే, నీరు అంచు మడత దగ్గర కారినట్టే.

బీదర్‌లోనూ కథ ఇదే, కాస్త మార్పుతో. అక్కడ నల్లరాతి మీద ఎర్రటి జల్లిరాయి టోపీలా ఉంది. వాన ఆ జల్లిరాతిలోంచి తేలిగ్గా దిగి, కింది బంకమట్టి దగ్గర ఆగి, అంచుల్లో ఉబుకుతుంది. గురునానక్ ఝీరాలో సిక్కులు తాగే నీరూ, ఝరణీ నరసింహస్వామి సొరంగంలో మన భక్తులు ఛాతీ లోతున నడిచే నీరూ ఆ కొండవే.

వేడినీటి బుగ్గల సంగతి వేరు. నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు, పెన్‌గంగ ఇవతల ఉనకేశ్వర్ ఉంది. ఆదిలాబాద్ శ్రోతలకు తెలిసిన చోటే. ఇటు మణుగూరు దగ్గర బొగ్గు కోసం వేసిన బోరులోంచి కూడా వేడినీళ్లు వచ్చాయి. కింద అగ్నిపర్వతం ఏదీ లేదు. భూమిలోకి ఒక కిలోమీటరు దిగితే సుమారు పాతిక, ముప్ఫై డిగ్రీలు వేడి పెరుగుతుంది. వాననీరు లోతైన పగుళ్లలోకి దిగి, వేడెక్కి, చల్లారేలోపు మరో పగులు వెంట పైకి వస్తుంది. దారిలో రాతి నుంచి గంధకమూ, ఇతర లవణాలూ కలుపుకుంటుంది.

ఇలాంటి నీటిలో స్నానం చేస్తే కీళ్లకు హాయిగా ఉంటుంది. వేడికి ఆ గుణం ఉంది. చర్మవ్యాధులన్నీ పోతాయనీ, సీసాలో పట్టుకెళ్లి తాగితే కడుపు జబ్బులు నయమవుతాయనీ అనేవారి మాట నమ్మి మందు మానవద్దు. వేడి బుగ్గల్లో ఫ్లోరైడు ఎక్కువగా ఉండటం తరచు చూసే విషయం. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. తీర్థం అన్న పేరు ఆ లెక్కను మార్చదు.

బృందంగా నడిచేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. వేగంగా నడిచేవాడు ముందుంటే గంటలో బృందం చీలిపోతుంది. కొత్త చెప్పులు వద్దు. హిప్పర్గా కట్ట మీద నీడ లేదు గనుక పది గంటలకల్లా వెనుదిరగాలి. చెరువులో దిగి ఈతకొట్టడం వద్దే వద్దు. నల్లరేగడి ఒడ్డు పైకి గట్టిగా కనిపిస్తూ కింద బురదగా ఉంటుంది, కాలు దిగబడితే రాదు.

ఇంకో చిన్న పని. బయలుదేరేటప్పుడు మూడు నాలుగు ఖాళీ సీసాలు పట్టుకెళ్లండి. ఒకదానిలో ఇంటి బోరు నీరు, ఒకదానిలో సిద్ధేశ్వర చెరువుది, ఒకదానిలో హిప్పర్గాది, తుల్జాపూర్ దాకా వెళితే గోముఖానిది. ఇంటికొచ్చాక ఒక్కోదాంట్లో అదే కొలతకు బట్టల సబ్బు తురుము వేసి గట్టిగా కుదపండి. సబ్బే వాడాలి. సబ్బుపొడి అయితే కఠిన జలంలోనూ నురగ ఇస్తుంది, తేడా తెలియదు. నురగ ఎత్తుగా నిలిచినది మెత్తటి నీరు. పాలు విరిగినట్టు తెల్లటి తెట్టె తేలినది కఠిన జలం. ఇదే పరీక్షను వానలు కురిసిన వెంటనే ఒకసారి, మళ్లీ వైశాఖంలో ఒకసారి చేయండి. ఎండకు నీరు ఆవిరై లవణాలు చిక్కబడి, అదే చెరువు నీరు వేరుగా ప్రవర్తిస్తుంది. సీసాల మీద చోటు పేరు, తేదీ రాసి పెట్టడం పిల్లలకు అప్పగించండి. తెలుగులో రాయమనండి.

సెలవు.